ఉల్టా కుట్టిన బొంత

"ఆ ఎర్రది అక్కడ పెట్టకు. దుంకుతది."

వెనక నుంచి వచ్చిన ఆ మాటకు సుమన చేతిలోని రాయి జారి బొటనవేలి మీద పడింది.

మిద్దె మీద ఇరవై గుడ్డముక్కలు పరిచి, గాలికి లేవకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి పెట్టి, పొద్దున ఏడింటి నుంచి ఆమె రంగులు సర్దుకుంటోంది. తిరిగి చూస్తే బట్టలారేసే తీగ దగ్గర ఓ మనిషి. మాస్కు గడ్డం కింద ఉంది. చేతిలో తడి లుంగీ.

"ఎవరు దుంకుతరు?"

"ఎరుపు. దాని పక్కన బూడిదరంగు పెట్టినవ్ కదా. కన్ను ముందుగాల ఎరుపు మీదనే పడ్తది. మిగిలిన పందొమ్మిది ఉన్నట్టే తెల్వది."

"నిన్ను అడిగిన్నా?"

"అడగలే."

"మరి?"

"చూస్తుంటే ఉండబట్టలే."

అని ఊరుకున్నాడా? లుంగీ తీగ మీద పడేసి వచ్చి, ఎర్రముక్కను కింది వరసకు మార్చి, దాని పక్కకు గోధుమరంగు జరిపి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూశాడు. సుమన కూడా చూసింది. బాగుంది. ఆమెకు ఒళ్ళు మండింది. బాగాలేకపోయి ఉంటే అంత మండేది కాదు.

"మాస్కు మీదికి గుంజుకో ముందు," అంది. అప్పటికి నోటికి అదే వచ్చింది.

అతని పేరు ఉమాకాంత్. కామారెడ్డి వైపువాడు. రెండేళ్ళుగా అదే ఇంట్లో పై అంతస్తు గదిలో ఉంటున్నాడు; కలిసి ఉన్న నలుగురూ మేలో రైలెక్కి ఊరికి పోయారు. సూరత్‌లో ఇచ్ఛాపూర్ దారిలోని రంగుల మిల్లులో షేడ్ మాస్టరుకు చెయ్యికింద మనిషి. బయటి నుంచి వచ్చిన నమూనా ముక్కకు, మిల్లులో అద్దిన గుడ్డకు రంగు కలిసిందా లేదా అని పగటి వెలుగులాంటి దీపం కింద నిలబడి చెప్పడం అతని పని. రెండేళ్ళూ రాత్రి షిఫ్టే కావడంతో కింది వాటాలో ఉండే సుమన అతన్ని సరిగ్గా చూసింది లేదు. మార్చిలో అన్నీ మూతపడ్డాక మనిషి పగటిపూట కూడా ఉంటాడని తెలిసింది. ఇప్పుడు నోరు కూడా ఉంటుందని తెలిసింది.

"ఇంతకూ ఏం కుడుతున్నవ్? గోదడియా?"

"బొంత."

"రెండూ ఒకటే కదా."

"కాదు," అంది సుమన. నిజానికి ఒకటే.

ఆ బొంత మీద ఆమె బతుకు ఆధారపడి ఉంది. మాట పెద్దదిగా ఉన్నా విషయం అదే. నాన్న రాజమల్లు లింబాయత్‌లో ముప్ఫై ఏళ్ళుగా సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపిన మనిషి. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి. జూన్‌లో తెరిచినా సగమే నడుస్తున్నాయి, అందులో ఆయనది లేదు. గల్లీలో సగం ఇళ్ళకు తాళాలు. "ఆషాఢం దాటనియ్యి. శ్రావణంల ఊరికి పోదాం. ఇక ఇక్కడ ఏమున్నది?" అన్నాడాయన. ఊరంటే సిరిసిల్ల పక్కన ఓ పల్లె. సుమన పుట్టింది, పెరిగింది, హిందీలో తిట్లు, గుజరాతీలో లెక్కలు నేర్చుకుంది సూరత్‌లోనే. ఊరిని ఆమె పెళ్ళిళ్ళలో తప్ప చూసింది లేదు. అక్కడికి పోయి ఏం చేయాలో ఆమెకు ఊహకు కూడా అందలేదు.

సరిగ్గా అప్పుడే సుభాషిణి మేడం ఫోన్ చేసింది. డుమస్ రోడ్డులో ఇంటి అలంకరణ గుడ్డలమ్మే దుకాణం ఆమెది. సుమన చీరలకు ఫాల్స్ కుట్టిచ్చేది, ఆ చేతిపని ఆమె ఎరుగును. "నాకో శాంప్లర్ బొంత కావాలమ్మా. ఒక్కో గడిలో ఒక్కో రకం కుట్టు. నచ్చితే లింబాయత్‌లోనే ఎనిమిది మిషన్లు వేస్తా, నడిపే బాధ్యత నీది. శ్రావణం మొదటి శుక్రవారం వచ్చి చూస్తా," అంది.

రాజమల్లు ఒప్పుకున్నాడు. ఆయన ఒప్పుకోలు కూడా గట్టిగానే ఉంది. "శుక్రవారం ఆమె ఊ అంటే ఉంటం. లేకుంటే ఆదివారం మనోళ్ళ బండి పోతది, అండ్ల మూడు సీట్లు చెప్పి పెడుత."

అందుకే సుమన పట్టుదలగా కూర్చుంది. మిషనులో గుడ్డను ముందుకు లాగే పళ్ళ మీద అట్టముక్క అతికించేసింది. ఇక గుడ్డ దానంతటది కదలదు. రెండు అరచేతులతో ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. సూది ఆడుతూ ఉంటే చెయ్యి తిరిగిన చోటల్లా దారం బొమ్మ గీస్తూ పోతుంది. ఒక గడిలో చేపపొలుసులు, ఒకదాంట్లో వేపాకులు, ఒకదాంట్లో గులకరాళ్ళు, ఒకదాంట్లో అలలు. పైన రంగుగుడ్డ, మధ్య పల్చటి దూది పొర, కింద అస్తరు, మూడూ కలిసి ఒక్కో గడి. అన్నింటినీ కలుపుతూ దారంతో కుట్టిన ఒకే తీగ. మొదటి గడిలో ఎడమవైపు మొదలై, పక్క గడిలోకి పాకి, వరస దాటి, ఇరవయ్యో గడి దాకా ఎక్కడా తెగకుండా పోవాలి. ఆ తీగ ఆలోచన ఆమెది. దాని మీదే ఆమె ఆశంతా.

మర్నాడు ఉమాకాంత్ అడక్కుండానే మళ్ళీ వచ్చాడు.

ఈసారి ఒక గిన్నెలో నీళ్ళు, తెల్ల చేతిరుమాలు తెచ్చుకున్నాడు. ఆమె చూస్తుండగానే ఒక్కో గుడ్డముక్క కొస తడిపి, రుమాలు మీద పెట్టి బొటనవేలితో రుద్దడం మొదలుపెట్టాడు.

"ఏం జేస్తున్నవ్? దిమాక్ ఉందా?"

"రంగు పోతదేమో చూస్తున్న."

"కొత్త గుడ్డలు. మార్కెట్ల కొన్నవి."

"మార్కెట్ల కొన్నవే పోతయి." ఎర్రముక్క రుద్దాడు. రుమాలు మీద గులాబీ మరక పడింది. అతను రుమాలు ఎత్తి చూపించాడు. ఏమైనా అని ఉంటే ఆమె గిన్నె నెత్తిన బోర్లించేదే.

ఎరుపు గుడ్డ మిల్లుకు పట్టుకుపోయి, రంగు పోకుండా చేయించి, నాలుగో రోజు తెచ్చిచ్చాడు. థాంక్స్ చెప్పాలని ఆమె నోరు తెరిచేలోపు, "అంచుకు ఏం రంగు అనుకుంటున్నవ్?" అన్నాడు.

"ఆవాల పసుపు."

"అయ్యో."

"ఏం అయ్యో?"

"నేవీ బ్లూ వెయ్యి. ఇన్ని రంగులున్నయి, సుట్టూత ముదురు రంగు పట్టీ ఉంటే అన్నీ ఒక్కదగ్గర ఆగుతయి. పసుపైతే ఆగయి, బయటికి కారిపోతయి."

"అంచు కనపడాలె. చీరకు అంచే కదా అందం?"

"ఇది చీర కాదు, గోదడి."

"బొంత."

అప్పటి నుంచి జూన్ నెలంతా ఇదే గొడవ. ఆమె పసుపు గుడ్డను ఐమూలగా కత్తిరించి, సన్నటి పట్టీలుగా కలిపి, ఇస్త్రీ చేసి చుట్ట చుట్టింది. మూడో రోజు గుమ్మం ముందు ఓ కాగితం సంచి ఉంది. లోపల రెండు మీటర్ల నేవీ బ్లూ. దాని మీద చీటీ: "ఊరికే చూడు." ఆమె చూడలేదు. అలమారలో అడుగున కుక్కింది. కుక్కే ముందు ఒక్కసారి పసుపు పక్కన పెట్టి చూసిన మాట నిజమే కానీ అది ఎవరికీ చెప్పలేదు.

"ఆ పోరడు మంచోడే కదనే," అంది తల్లి భాగీరథి.

"మంచోడైతే మాత్రం? నెత్తి తింటున్నడు."

"తినేటోడు ఇంకెవరి నెత్తీ తింటలేడు మరి," అని భాగీరథి బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది.

జులై మొదటి వారానికి ఇరవై గళ్ళూ కుట్టడం అయిపోయింది. కలిపి అతకడమే మిగిలింది. ఆఖరిసారి సరిచూసుకుందామని సుమన మిద్దె మీద నాలుగు నాలుగుగా అయిదు వరసలు పరిచింది. తీగ మొదటి గడిలో మొదలై చివరి గడి దాకా ఎక్కడా ఆగలేదు. వంగి దాని వెంట వేలు పెట్టి ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచింది. ఇంత మంచి పని తన చేతులు చేశాయంటే నమ్మబుద్ధి కాలేదు.

ఉమాకాంత్ కూడా చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏం, ఎక్కడ దుంకుతుంది?" అంది సుమన.

"ఎక్కడ దుంకుతలేదు."

ఆ ఒక్క మాటకు ఆమె చెవులు వేడెక్కాయి. అటువైపు చూడలేక ఆకాశం చూసింది. ఆకాశం అప్పటికే నల్లబడి ఉంది.

సూరత్ వాన చెప్పి రాదు. నాలుగు పెద్ద చినుకులు పడ్డాయి. "తీయి, తీయి," అంటూ ఇద్దరూ మీద పడ్డారు. "ఆగు, ఏది ఎక్కడిదో గుర్తెట్లుంటది?" అని ఆమె కంగారు పడితే, ఉమాకాంత్ జేబులోంచి సుద్దముక్క తీసి, ఒక్కో గడి తిరగేసి వెనక అస్తరు మీద నంబరు వేసి ఆమె చేతికి అందించాడు. ఒకటి నుంచి ఇరవై. ఆపైన చిన్న నోటుబుక్కులో నాలుగు గీతలు గీసి ఆ నంబర్లు రాసుకున్నాడు. ఆఖరి గడి అందుకునేసరికి వాన దబదబా కురిసింది. ఇరవై గళ్ళూ కడుపుకు హత్తుకుని ఆమె మెట్ల దగ్గరకు పరుగెత్తింది, అతను తన చొక్కా విప్పి వాటి మీద కప్పాడు. బనీనుతో తడుస్తూ నవ్వుతున్న మనిషిని చూసి, ఇంత చిరాకు పెట్టే మొహం ఇంత బాగుండటం అన్యాయమనిపించింది ఆమెకు.

ఆ సాయంత్రమే ఆమెకు జ్వరం వచ్చింది.

రెండు రోజులకు వాసన పోయింది. కార్పొరేషన్ వాళ్ళు వచ్చి ముక్కులో పుల్ల పెట్టి పోయారు, మర్నాడు వచ్చి తలుపుకు కాగితం అతికించారు. సుమనను మిద్దె మీద ఇంటాయన సామాన్లు పెట్టుకునే రేకుల గదిలో పడుకోబెట్టారు. అమ్మానాన్నలకు ఏమీ లేదని తేలింది కానీ వాళ్ళూ గడప దాటకూడదు. కూరలు, మందులు ఉమాకాంత్ తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేవాడు.

పద్నాలుగు రోజులు. మొదటి వారం ఆమెకు బొంత గుర్తే లేదు. రెండో వారం అది తప్ప ఇంకేమీ గుర్తు లేదు.

"అమ్మా, నేను కిందికి వచ్చినంక రెండు రోజులే ఉంటది. ఎట్లా అతకాలె?" అని ఫోనులో ఏడ్చింది.

"నువ్వు జర నిమ్మలంగ ఉండు బిడ్డా. అన్నీ అయితయి," అంది భాగీరథి. ఆ గొంతులో ఏదో దాచినట్టుంది. తర్వాత మాట మార్చి, "ఒకటి జూసినవా? ఆ పోరడు గల్లీల అందర్ని కాకా అంటడు. మీ బాపునొక్కణ్ని మామ అంటడు. రెండేండ్ల సంది."

సుమన ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. కాకా అంటే ఆయన కూతురు చెల్లెలవుతుంది. మామ అంటే ఏమవుతుందో గల్లీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలియనిది తనకొక్కతికే.

"అందరికీ తెలుసా?"

"కిరాణా కొట్టు దేవదాసుకు గూడ తెలుసు."

బుధవారం పొద్దున సుమన కిందికి దిగింది. ఒంట్లో బలం లేదు, గోడ పట్టుకుని వచ్చింది. భాగీరథి మొహం వెలిగిపోతోంది. "కండ్లు మూసుకో," అని చెయ్యిపట్టి లోపలికి తీసుకెళ్ళి, "ఇప్పుడు జూడు," అంది.

మంచం మీద బొంత పరిచి ఉంది. ఇరవై గళ్ళూ అతికేశారు.

సుమన చూసింది. తీగ మొదటి గడిలో మొదలైంది, గడి అంచున తెగింది. పక్క గడిలో జానెడు కింద ఇంకెక్కడో మొదలైంది, మళ్ళీ తెగింది. అయిదు వరసల్లోనూ అంతే. ఎడమవైపు ఉండాల్సింది కుడివైపు, కుడివైపుది ఎడమవైపు. ఏదీ దేనికీ కలవలేదు.

"నంబర్ల ప్రకారమే కుట్టిన," అంది భాగీరథి, బిడ్డ మొహం చూసి భయపడుతూ. "ఉమాకాంత్ నోటుబుక్కు ఫోటో పంపిండు. వాడు లోపలికి రావద్దు కదా. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఎడమ దిక్కు నుంచి పెట్టుకుంట పోయిన. గట్టిగ ఉండాలని ఒక్కో కుట్టు రెండుసార్లు గూడ ఏసిన."

సుమన బొంత భుజాన వేసుకుంది. గుమ్మంలోకి వచ్చి, పైకి చూసి పిలిచింది.

"ఉమాకాంత్. కిందికి రా."

ఆ గొంతు విని రాజమల్లు కూడా బయటికి వచ్చాడు.

ఉమాకాంత్ బొంత చూసిన రెండో క్షణంలోనే అతని మొహం పాలిపోయింది. నోటుబుక్కు తీశాడు, బొంత చూశాడు, మళ్ళీ నోటుబుక్కు చూశాడు.

"నేను వెనక నుంచి రాసిన," అన్నాడు.

"అంటే?"

"మిల్లుల గుడ్డను ఎప్పుడూ ఉల్టా దిక్కు నుంచే చూస్తం. మొఖం లోపలికి పెట్టి మడతేస్తం, నంబరు వెనక ఏస్తం, లెక్క గూడ వెనక నుంచే. అట్ల జూస్తే ఒకటి ఎడమ దిక్కున ఉంటది. ముందు నుంచి జూస్తే..."

"కుడి దిక్కున ఉంటది."

"అత్తకు చెప్పుడు మర్చిపోయిన. మాకు అదే అలవాటు, చెప్పాల్సిన పని పడదు."

సుమన మెట్టు మీద కూలబడింది. నెల రోజుల కష్టం, శుక్రవారం, ఆదివారం బండి, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి. "ఎరుపు దుంకుతదని తెలుసు. పసుపు కారుతదని తెలుసు. లోకంల ఉన్న రంగులన్నీ తెలుసు నీకు. కుడేదో ఎడమేదో తెల్వదా?" అంది. అరవడానికి ఓపిక లేక మెల్లగా అంది. అరిచి ఉంటేనే నయమని అతనికి అనిపించి ఉండాలి.

అతను సంజాయిషీ చెప్పలేదు. బొంత అందుకుని రెండో మెట్టు మీద కూర్చుని, "దారాలు కత్తిరించే చిన్న కత్తెర ఇయ్యి," అన్నాడు.

నిలువు కుట్లు పదిహేను, అడ్డం కుట్లు నాలుగు. అన్నీ రెండేసి సార్లు. దూది ఉన్న గుడ్డ, ఒక్కసారి కత్తెర జారితే చిల్లు పడుతుంది. మిల్లుకు రానని ఫోన్ చేసి చెప్పి అతను విప్పుతూ కూర్చున్నాడు. భాగీరథి చాయ్ తెచ్చి పక్కన పెడితే చల్లారిపోయింది. వేసేటప్పుడు అంత గట్టిగా ఎందుకు వేశానా అని ఆవిడ తనను తాను తిట్టుకుంటూ తిరిగింది. రాజమల్లు ఎదురుగా స్టూలు వేసుకుని చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి సుమన కోపం సగం దిగింది. మిగిలిన సగం పట్టుకుని వచ్చి, రెండు మెట్లు పైన కూర్చుని, విప్పిన దారపు ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. రాజమల్లు అన్నానికి లోపలికి పోయాడు.

"మేలో మీ గదిలోళ్ళందరూ రైలెక్కిన్రు కదా. నువ్వెందుకు పోలేదు?"

"నాకూ సీటు వచ్చె. మా గదిల ఆగయ్యకు రాలె, ఆయనకిచ్చిన."

"ఎందుకు?"

అతను తల ఎత్తలేదు. కత్తెర మొనతో ఒక కుట్టు తెంపాడు, ఇంకొకటి తెంపాడు.

"లాక్‌డౌన్ల సాంచాలన్నీ ఆగినయి కదా. రెండేండ్లు ఆ చప్పుడుల నిద్రపోయినోణ్ని. ఆగేసరికి నిద్రనే పట్టలే. గల్లీ మొత్తంల ఒక్క మిషను చప్పుడే వినపడుతుండె. నీది. నా మంచం కిందనే మీ గది. నువ్వు కుడితే ఎట్లుంటదో, దారం తెగితే ఎట్లుంటదో, తప్పు కుట్టి విప్పుతుంటే ఎంతసేపు సప్పుడు రాదో, అన్నీ ఎరుకైనయి. సీటు వచ్చిన రోజు పొద్దున సంచి సదురుతుంటే మిషను నడుస్తుండె. ఇగ సదరలే."

సుమన చేతిలోని దారపు ముక్కలు చేతిలోనే ఉన్నాయి.

"మొన్న పద్నాలుగు రోజులు ఆ చప్పుడు లేదు," అన్నాడు. "కాదు, అత్త కుట్టింది. అది వేరే. నువ్వు రేకుల గదిల ఉన్నవని, తగ్గుతున్నదని తెలుసు. అయినా భయమైంది. నువ్వంటే నాకిష్టం, సుమనా. ఊరికి పోతే అక్కడికే వస్త. సిరిసిల్లల గూడ రంగులద్దుతరు."

గుండెలో మాట ఇంత సూటిగా వస్తుందని ఆమె అనుకోలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలోనే మళ్ళీ చిరాకు ముంచుకొచ్చింది.

"జూన్ నుంచి ఎరుపెక్కడ పెట్టాలె, అంచుకేం పెట్టాలె అని పానం తీసినవ్. ఈ ఒక్క ముచ్చట చెప్పడానికి నోరు లేకుండెనా?"

"రంగుల సంగతైతే తెలుసు. దీని సంగతి తెల్వది."

"మరి బాపును మామ అని పిలుస్తున్నవట. గల్లీకంత చెప్పినవ్, నాకు తప్ప."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు ఎవరు చూసినా దుంకేదే.

"విప్పు ముందు," అంది సుమన. "ఇంకా తొమ్మిది కుట్లున్నయి."

సాయంత్రానికి ఇరవై గళ్ళూ విడిపోయాయి. ఒక్క చిల్లు పడలేదు. గురువారం పొద్దున్నే ఆమె మిషను దగ్గర కూర్చుంది. ఈసారి గళ్ళు ముందువైపు నుంచే పరిచి, తీగ చూసి, ఒక్కోటి తనే అందుకుని అతికింది. మధ్యాహ్నం దాటేసరికి తీగ మళ్ళీ ఒకటైంది.

అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఉల్టాగా కుట్టినప్పుడు లోపల కుట్టులో ఉన్న అంచులు, సరిగ్గా పెట్టేసరికి రెండు పక్కలా బయటికి వచ్చాయి. రెండేసి కుట్లు విప్పిన అంచులు కదా, వేలెడు మేర పోగులు లేచి చీకిపోయి ఉన్నాయి. పసుపు పట్టీ సన్నది. కప్పదు. వెడల్పుగా కోయడానికి పసుపు గుడ్డ ఇంకో ముక్క లేదు, మార్కెట్టు ఆ వారం మూసే ఉంది.

ఇంట్లో అంత వెడల్పు గుడ్డ ఒక్కటే ఉంది. అలమారలో అడుగున.

సుమన ఆ నేవీ బ్లూ గుడ్డను తెచ్చి మంచం మీద పడేసింది. గుమ్మం అవతల నిలబడిన ఉమాకాంత్ దాన్ని చూశాడు, బొంతను చూశాడు, కాసేపు ఆలోచించాడు.

"నిజం చెప్పాల్నా? పసుపే మంచిగుంటుండె," అన్నాడు.

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నోరు మూసుకుని పో ఇక్కడి నుంచి," అంది. అతను పోయాక నవ్వింది. నవ్వుతూనే ఐమూలగా నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ కోసి, మూలల దగ్గర మడతలు పెట్టి, చుట్టూ తిప్పి కుట్టింది. వెనకవైపు చేత్తో, కుట్టు కనపడకుండా.

శుక్రవారం సుభాషిణి మేడం వచ్చింది. రెండు మాస్కులు పెట్టుకుంది, చేతులకు మందు రాసుకుంది, కుర్చీ వద్దని నిలబడే చూసింది. బొంత ఎడమ మూల నుంచి తీగ మీద వేలు పెట్టి నడిపిస్తూ పోయింది. మొదటి వరస అయింది, రెండోది అయింది. ఆమె వేలు ఎక్కడా ఎత్తలేదు. సుమన కళ్ళు ఆ వేలి వెంటే పోయాయి. ఆఖరి గడి దాకా పోయి, బొంత తిరగేసి వెనక కూడా చూసి, అప్పుడు తల ఎత్తింది.

"ఈ అంచు నువ్వే అనుకున్నావా? ఇంత వెడల్పు ఎవరూ వేయరు. మంచి నిబ్బరంగా ఉంది."

"మజ్బూరీ మేడం, తప్పక వేసిన," అంది సుమన.

సుభాషిణి అర్థంకాక నవ్వి, "నాకు నచ్చింది. వచ్చే నెల మొదటి తారీకున మిషన్లు దింపిస్తా. గది చూసి పెట్టు, ఏడుగురిని చూసుకో," అంది. బొంత మడిచి సంచిలో పెట్టుకుని కారెక్కింది.

భాగీరథి గోడకు ఆనుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రాజమల్లు గుమ్మంలోకి పోయి బండి మాట్లాడినవాళ్ళకు ఫోన్ చేశాడు. "మా మూడు సీట్లు ఇంకెవలకన్న ఇయ్యిన్రి. మేం వస్తలేం," అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, మెట్ల మీద నిలబడి ఉన్న ఉమాకాంత్‌ను పిలిచాడు.

"ఇటు రారా. కూసో."

ఉమాకాంత్ వచ్చి గడప అవతలే కూర్చున్నాడు.

"మొన్న పొద్దటి నుంచి చూస్తున్న నిన్ను. ముప్ఫై ఏండ్లు సాంచాల మీద చేసిన. మంచిగ నేసెటోళ్ళను మస్తు మందిని చూసిన. తప్పు జరిగితే అది ఫలానోడు చేసిండని వేలు చూపెట్టెటోళ్ళనే చూసిన. తప్పు నాది అని కూసోని, గుడ్డ తెంపకుండ విప్పెటోణ్ని చూడలే." తనూ గడప ఇవతల కూర్చున్నాడు. "కామారెడ్డికి ఫోన్ చెయ్యి. మీ అమ్మతోని మాట్లాడుత."

ఉమాకాంత్ ఫోను కోసం జేబు తడిమాడు. తల ఊపాడు.

"ఆగు, నాకు పిల్ల మాట కావాలె ముందు." రాజమల్లు కూతురి వైపు తిరిగాడు. "ఏమే, నీకు ఇష్టమేనా? మొహమాటం లేదు. వద్దంటే వద్దు."

రెండు నెలలుగా ఉమాకాంత్ మీద చెప్పడానికి సుమన దగ్గర చాడీలకు కొదవ లేదు. ఇప్పుడు అవన్నీ వెతుక్కుంది. ఒక్కటీ దొరకలేదు. గడప అవతల అతను ఊపిరి బిగపట్టి, మాస్కు మళ్ళీ గడ్డం కిందికి జారిపోయి, తన వైపే చూస్తున్నాడు. ఆ చూపుకు ఆమెకు ఒళ్ళంతా మెత్తబడింది, దానికే మళ్ళీ చిరాకేసింది.

"ఏం జేస్తం బాపూ," అంది. "ఇష్టమైపాయె."